ఆతిథ్యం నుంచి ఆశ్రయానికి: వీరేశలింగం స్వీయచరిత్రలో రాజ్యలక్ష్మమ్మ స్మృతి - పరిశీలన

వ్యాససంగ్రహం:
కందుకూరి వీరేశలింగం రచించిన స్వీయచరిత్రము సంఘసంస్కరణ చరిత్రకు ప్రధాన ఆకరంగా గుర్తింపు పొందింది. అందులో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మను గురించిన జ్ఞాపకాలను విమర్శకులు చాలావరకు ఆదర్శ సహధర్మచారిణి అన్న ఒక్క మాటతో ముగించారు. భార్యగా, తల్లిగా, అతిథులను ఆదరించిన ఇల్లాలిగా ఆమె చేసిన పనిని ఆ మాట ఎంతవరకు చూపగలదు, ఎక్కడ మరుగుపరుస్తుంది అనే ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. తెలుగు కావ్యపరంపరలోని గృహిణి చిత్రణతో, భార్యావియోగ, మాతృవియోగ స్మృతికావ్యాలతో పోల్చి, వచన స్వీయచరిత్రలోని స్మృతి స్వభావాన్ని నిర్ణయించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: స్వీయచరిత్ర, స్మృతి, గృహిణి, ఆతిథ్యం, పంక్తి, వితంతు వివాహం, రాజ్యలక్ష్మమ్మ.

1. ఉపోద్ఘాతం

మరణించిన ఇల్లాలిని తలచుకొనేటప్పుడు తెలుగువారు సాధారణంగా వాడే మాటలు కొన్ని ఉన్నాయి. ఆమె చేతి అన్నం తినని వారు లేరంటారు. వచ్చినవారిని ఉత్త చేతులతో పంపలేదంటారు. అన్నపూర్ణ అంటారు. ఇవి ప్రేమతో పుట్టిన మాటలే. అయితే ఇవి ఎందరికో ఒకే విధంగా సరిపోతాయి. ఒక వ్యక్తిని తలచుకోవడానికి వాడిన మాట ఆ వ్యక్తికి మాత్రమే చెందకపోతే ఆ స్మృతిలో మిగిలేది వ్యక్తి కాదు, ఒక నమూనా.

రాజ్యలక్ష్మమ్మ విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె పేరు పాఠ్యపుస్తకాలలోనూ జీవితచరిత్రలలోనూ భర్త పేరు వెంట వస్తుంది. ఆయనకు అండగా నిలిచింది అన్న వాక్యంతో ఆమె ప్రస్తావన ముగుస్తుంది. అండగా నిలవడం అంటే రోజువారీగా ఏం చేయడమో ఆ వాక్యం చెప్పదు. వీరేశలింగం స్వీయచరిత్రలోని వివరాలను దగ్గరగా చదివినప్పుడు ఆ ఖాళీని కొంతవరకు పూరించవచ్చు.

2. కావ్యపరంపరలో గృహిణి: పేరు లేని అన్నపూర్ణ

తెలుగు సాహిత్యంలో అతిథులను ఆదరించే ఇల్లాలికి ప్రామాణిక చిత్రం అల్లసాని పెద్దన మనుచరిత్రము ప్రథమాశ్వాసంలో ఉంది. అరుణాస్పదపురవాసి ప్రవరుని గుణవర్ణనలో భాగంగా పెద్దన ఆయన ఇల్లాలిని ప్రస్తావించాడు. ఎంతమంది వచ్చినా వంటకు అలసిపోనిది, నడిరేయి వచ్చిన అతిథికి సైతం లోటు చేయనిది, సాక్షాత్తు అన్నపూర్ణకు సాటి రాగలది అని ఆమెను కీర్తించాడు. తెలుగు పాఠకులకు కంఠస్థమైన ఈ వర్ణన శతాబ్దాలుగా ఇల్లాలిని మెచ్చుకోవడానికి కొలమానంగా నిలిచింది.

ఈ వర్ణనలో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, ఆమెకు సొంత పేరు లేదు. ఆమె ప్రవరుని గృహిణి. రెండవది, ఆమె శ్రమకు పరిమితి లేదు. అలసట లేకపోవడమే అక్కడ గుణం. మూడవది, ఆ ఇంటికి వచ్చే అతిథి ఇంటి గౌరవాన్ని పెంచేవాడు. తీర్థయాత్రలు చేసిన సిద్ధుడు ఆ విధంగానే ప్రవరుని ఇంటికి వచ్చాడు. అతిథి రాక గృహస్థు పుణ్యానికి కారణం. ఆ పుణ్యానికి అవసరమైన వంట గృహిణి పని. ఆతిథ్యం వల్ల ఆ ఇంటికి ఊరిలో నష్టం కలిగే అవకాశం కావ్యప్రపంచంలో లేదు.

రాజ్యలక్ష్మమ్మను అన్నపూర్ణ అని పిలిస్తే ఈ మూడు లక్షణాలూ ఆమెకు అంటుకుంటాయి. స్వీయచరిత్రలోని ఆధారాలు మాత్రం ఈ మూడింటికీ భిన్నమైన దిశలో ఉన్నాయి.

3. పంక్తి: చట్టం చేయలేని పని

రాజమహేంద్రవరం సమీపంలోని కాతేరు రాజ్యలక్ష్మమ్మ పుట్టిన ఊరు. పుట్టింట పెట్టిన పేరు బాపమ్మ. 1861లో వీరేశలింగంతో వివాహం జరిగేనాటికి ఇద్దరూ పిల్లలే. అత్తవారింట ఆమె పేరు రాజ్యలక్ష్మి అయింది. ఏ బాల్యవివాహ వ్యవస్థను వీరేశలింగం తరువాత ప్రశ్నించారో ఆ వ్యవస్థలోనే వారి దాంపత్యం మొదలైంది.

వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. 1879లో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగంగా ఉపన్యసించారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన ఆధ్వర్యంలో తొలి వితంతు వివాహం జరిగింది. హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ 1856లోనే శాసనం వచ్చింది. అంటే ఆ వివాహం జరిగేనాటికి చట్టానికి పాతికేళ్ళు. పాతికేళ్ళుగా చట్టం ఉన్నా గోదావరి తీరంలో అటువంటి పెళ్ళి జరగకపోవడానికి కారణం న్యాయస్థానంలో లేదు, పంక్తిలో ఉంది.

ఆనాటి బ్రాహ్మణ సమాజంలో పెళ్ళికి సంఘామోదం లభించేది బంధువులు వచ్చి, పంక్తిలో కూర్చొని, ఆ ఇంట అన్నం తిన్నప్పుడు. పెళ్ళి చెల్లదని చెప్పదలచినవారు శాస్త్రవాదం చేయనక్కరలేదు, భోజనానికి రాకపోతే చాలు. వెలి అన్న శిక్ష అమలయ్యేది కూడా ఇదే పద్ధతిలో. పురోహితుడు గడప తొక్కడు. వంటమనిషి మానేస్తాడు. నీళ్ళు తెచ్చేవాడు రాడు. బంధువులు పిలవరు, పిలిస్తే రారు. మొదట ఉత్సాహంగా పెళ్ళికి వచ్చినవారిలో కొందరు తరువాత పీఠాధిపతుల బహిష్కారానికి భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకొన్నారు. ఒక పూట భోజనానికి ప్రాయశ్చిత్తం అవసరమైందంటే ఆ భోజనానికి ఎంతటి సామాజికార్థం ఉన్నదో ఊహించవచ్చు.

వంటవారూ నీళ్ళవారూ మానివేసిన సందర్భంలో రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి, వంట చేసి, ఇంట ఉన్నవారికి వడ్డించింది. జీవితచరిత్రకారులు ఈ ఘట్టాన్ని పతిభక్తికి నిదర్శనంగా చెబుతూ వచ్చారు. పైన చెప్పిన పంక్తి వ్యవస్థ దృష్ట్యా చూస్తే దీని ప్రాధాన్యం వేరు. వెలి ఉద్దేశం ఆ పెళ్ళిని ఆకలితో, అవమానంతో ఆపడం. పొయ్యి వెలగకపోతే పెళ్ళి ఆగుతుంది. పొయ్యి ఆరకుండా చూసిన వ్యక్తి ఆ పెళ్ళిని నిలబెట్టిన వారిలో ఒకరు. వీరేశలింగం పత్రికలో, వేదికపై చేసిన వాదానికి ఆ ఇంటి వంటగది ఆచరణరూపం ఇచ్చింది. చట్టం పెళ్ళికి చెల్లుబాటు ఇచ్చింది. పంక్తిని ఇవ్వడం చట్టానికి సాధ్యం కాలేదు. ఆ పని ఒక ఇల్లాలు చేసింది.

4. నీళ్ళ బిందె: సంస్కరణ పరిమితి

ఈ ఘట్టాన్ని కీర్తనతో ముగించకుండా మరొక ప్రశ్న వేయవలసి ఉంది. నీళ్ళు తెచ్చే బ్రాహ్మణుడు మానివేసినప్పుడు ఆ పని గృహిణి మీదనే ఎందుకు పడింది? మడి పాటించే ఇంట వంటకూ తాగడానికీ ఇతర కులాల చేత నీళ్ళు తెప్పించుకోవడం ఆనాడు మామూలు విషయం కాదు. వచ్చిన కొద్దిమంది అతిథులు కూడా అటువంటి నీళ్ళను అంగీకరించడం కష్టం. వైధవ్య నియమాన్ని ఎదిరించిన ఇల్లు 1881 నాటికి నీటి మడిని పూర్తిగా దాటలేదు. దాటితే ఉన్న పంక్తి కూడా చెదిరిపోయేది. ఒక నియమాన్ని ఉల్లంఘిస్తూ మరొక నియమాన్ని నిలుపుకొన్నప్పుడు ఆ రాజీకి కావలసిన శరీరశ్రమను ఆమె భరించింది.

ఇది వీరేశలింగాన్ని తప్పుపట్టడానికి చెప్పే మాట కాదు. ఆయన తరువాతి జీవితంలో బ్రహ్మసమాజ భావాల వైపు మరింత దృఢంగా నడిచారు. సంస్కరణ ఒక్కసారిగా రాదు, మెట్టు మెట్టుగా వస్తుంది. ప్రతి మెట్టు వద్ద మిగిలిపోయిన పాత నియమం బరువు ఎవరిమీద పడిందో చూడడం విమర్శ బాధ్యత. కావ్యగృహిణి అలసిపోదు. గోదావరి గట్టెక్కి బిందె మోసుకొచ్చిన స్త్రీ అలసిపోతుంది. స్వీయచరిత్ర ఈ శ్రమను నమోదు చేయడం వల్లనే ఈ తేడా చెప్పడానికి వీలు కలిగింది. ఆ మేరకు వీరేశలింగం వచనం పెద్దన పద్యం ఇవ్వలేని సాక్ష్యాన్ని ఇచ్చింది.

సమకాలిక సృజనసాహిత్యంలో ఈ సాక్ష్యం అరుదు. గురజాడ కన్యాశుల్కము వితంతు వివాహ సమస్యను తీవ్రంగా పట్టించుకొన్న నాటకం. అందులో సంస్కరణను గురించిన వాదాలున్నాయి, వంచన ఉంది, సౌజన్యారావు వంటి సజ్జనుడున్నాడు. బుచ్చమ్మకు చివరకు పూనాలోని వితంతు శరణాలయం దారి చూపబడింది. అటువంటి శరణాలయంలో ఉదయం ఎవరు లేస్తారు, ఎవరు వండుతారు అన్నది నాటకం పరిధిలోకి రాలేదు. రంగస్థలానికి ఆవల మిగిలిన ఆ పని రాజమహేంద్రవరంలో రాజ్యలక్ష్మమ్మ దైనందిన జీవితం.

5. బిడ్డలు లేని మాతృత్వం

రాజ్యలక్ష్మమ్మ వీరేశలింగం దంపతులకు సంతానం లేదు. సంతానం లేని స్త్రీని శుభకార్యాలలో వెనక్కు నెట్టే సమాజంలో, శుభకార్యాలకు పూర్తిగా దూరమైన వితంతువులకు ఆమె తల్లి స్థానంలో నిలిచింది. పుట్టింటినీ అత్తింటినీ కోల్పోయి వచ్చిన బాలికలు ఆమె ఇంట ఉన్నారు. పెళ్ళి అయిన తరువాత వెళ్ళవలసిన పుట్టిల్లు కూడా వారికి అదే. కొత్త దంపతులను బంధువులు చేరనీయకపోవడం వల్ల వారి పోషణభారం చాలాకాలం వీరేశలింగం దంపతుల మీద ఉండేది. మోసపోయి గర్భవతులైన వితంతువులకు ఊరు చూపే దారులు రెండే: నుయ్యి, లేదా పారిపోవడం. అటువంటివారికి ఆశ్రయం ఇచ్చిన ఇల్లు కూడా అదే.

ఈ సందర్భంలో ఆతిథ్యం అన్న పదం అర్థం మారిందని గుర్తించాలి. అతిథి వస్తాడు, తింటాడు, ఆశీర్వదించి వెళతాడు. రాజ్యలక్ష్మమ్మ ఇంటికి వచ్చినవారు వెళ్ళడానికి చోటు లేనివారు. వారి రాక వల్ల ఇంటికి పుణ్యఖ్యాతి రాలేదు, నింద వచ్చింది. ప్రవరుని ఇంట అతిథి గృహస్థుని గౌరవానికి అలంకారం. ఇక్కడ అతిథి ఆ గౌరవానికే పరీక్ష. ఒకనాటి ఆతిథ్యం దీర్ఘకాలపు ఆశ్రయంగా మారినప్పుడు ఇల్లాలి పని తల్లి పనిగా మారింది. తరువాతి కాలంలో వితంతు శరణాలయం, 1906లో హితకారిణీ సమాజం ఏర్పడినప్పుడు ఈ గృహజీవితమే సంస్థారూపం పొందింది. సంస్థల చరిత్ర స్థాపన తేదీతో మొదలవుతుంది. ఈ సంస్థకు అంతకుముందు పాతికేళ్ళ చరిత్ర ఒక వంటగదిలో ఉన్నది.

గోదావరి మండలంలోనే, అదే కాలంలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ జీవించింది. 1841లో పుట్టి 1909లో మరణించిన ఆమె నిరతాన్నదాతగా ప్రసిద్ధురాలు. వేళకాని వేళ వచ్చినవారికి కూడా కులభేదం చూడకుండా అన్నం పెట్టినదని ప్రతీతి. వైనతేయపై నిర్మించిన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకం కూడా ఆమె పేరుతో నడుస్తున్నది. ప్రజాస్మృతిలో ఆమె స్థానం న్యాయమైనదే. రాజ్యలక్ష్మమ్మ పెట్టిన అన్నం ప్రజాస్మృతిలో అంత విస్తృతంగా నిలవకపోవడానికి ఒక కారణం ఊహించవచ్చు. ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నాన్ని ఊరంతా మెచ్చుకొంటుంది. ఊరు వెలివేసినవారికి పెట్టిన అన్నం ఊరికి తన తప్పును గుర్తుచేస్తుంది.

6. స్మృతికావ్యం, స్వీయచరిత్ర: రెండు పద్ధతులు

భార్యావియోగాన్ని గురించిన రచనకు సంస్కృతంలో రఘువంశం ఎనిమిదవ సర్గలోని అజవిలాపం ప్రసిద్ధ నమూనా. ఇందుమతిని కోల్పోయిన అజుడు ఆమె తనకు ఏయే విధాల తోడుగా ఉన్నదో తలచుకొని విలపిస్తాడు. ఆధునిక తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ మొదటి భార్య మరణానంతరం వరలక్ష్మీ త్రిశతిని రచించారు. నాయని సుబ్బారావు మాతృగీతాలు తల్లిని కోల్పోయిన దుఃఖం నుంచి పుట్టాయి. ఇటువంటి రచనల్లో స్మృతికి కేంద్రం మిగిలిపోయిన వ్యక్తి హృదయం. పోయినవారి విలువ మిగిలినవారి శూన్యం ద్వారా తెలుస్తుంది. పద్యానికి ఆ సాంద్రతే బలం.

వచన స్వీయచరిత్రకు ఆ సౌకర్యం లేదు. స్వీయచరిత్రము భార్యాస్మృతి కోసం ఉద్దేశించిన గ్రంథం కాదు. రచయిత తన ఉద్యమాన్ని, వివాదాలను, పత్రికలను, వ్యాజ్యాలను చెప్పుకొంటూ పోయే క్రమంలో రాజ్యలక్ష్మమ్మ అక్కడక్కడ కనిపిస్తుంది. బంధువులు ఆమెను భర్త నుంచి వేరుచేయడానికి ప్రయత్నించినప్పుడు, ఇంటికి ఆపద వచ్చినప్పుడు, ఆశ్రితుల సంరక్షణ ప్రస్తావన వచ్చినప్పుడు ఆమె ముందుకు వస్తుంది. ఆమె జీవితం ఆద్యంతంగా ఒకచోట కూర్చిన కథ కాదు. ఈ చెదురుమదురు పద్ధతి మొదట లోపంగా కనిపిస్తుంది. నిజానికి ఇందులో ఒక ప్రయోజనం ఉంది. స్మృతికావ్యం ఆమె ఎంత ప్రియమైనదో చెప్పగలదు. స్వీయచరిత్ర ఆమె ఏ రోజున, ఏ అవసరంలో, ఏం చేసిందో చెబుతుంది. దుఃఖం వల్ల వ్యక్తి ఆదర్శంగా మారే ప్రమాదాన్ని ఘటనల వివరణ కొంతవరకు అడ్డుకొంటుంది.

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మ మరణించింది. స్వీయచరిత్ర రెండవ భాగం 1915లో వెలువడింది. దాదాపు అర్ధశతాబ్దపు దాంపత్యం ముగిసిన తరువాత వెనుదిరిగి చూసిన కన్ను ఆ భాగం వెనుక ఉన్నదన్న ఎరుకతో దానిని చదవాలి. ఆమె పోయిన తరువాత ఆ ఇంట కొరవడిన పని ఎంతో రచయితకు అప్పటికి తెలుసు. రాజమహేంద్రవరంలో వారి తోటలోని సమాధులు ఆ దాంపత్యానికి బాహ్యచిహ్నాలు. గ్రంథంలోని వివరాలు అంతకంటె బలమైన చిహ్నాలు.

7. వినిపించని కంఠం

ఇంతవరకు చెప్పిన దానికి ఒక హద్దు ఉంది. రాజ్యలక్ష్మమ్మ స్వయంగా రాసుకొన్న జీవితకథ లేదు. ఆమె నిర్ణయాలు, భయాలు, అభ్యంతరాలు భర్త కథనం ద్వారా వడపోయబడి పాఠకునికి చేరుతున్నాయి. వీరేశలింగం 1883లో సతీహితబోధిని పత్రికను స్త్రీలకోసం ప్రారంభించారు. ఇల్లాలు ఎలా ఉండాలో అటువంటి రచనల ద్వారా బోధించిన రచయితే స్వీయచరిత్రలో తన ఇల్లాలిని చిత్రించారు. కాబట్టి బోధలోని ఆదర్శం జ్ఞాపకంలోకి ప్రవేశించే అవకాశాన్ని విస్మరించరాదు.

ఈ కారణంగా రెండు పఠనాలు సాధ్యమవుతాయి. ఒకటి, ఆమె భర్త మార్గాన్ని పతివ్రతాధర్మంగా అనుసరించిందన్నది. మరొకటి, ఆ మార్గం ఆమె స్వయంగా ఎంచుకొన్నదన్నది. మొదటి పఠనానికి ఆనాటి సమాజం అనుకూలం. రెండవ పఠనానికి ఘటనలు అనుకూలం. బంధువులు రమ్మన్నప్పుడు వెళ్ళడానికి ఆమెకు దారి ఉన్నది. ఆ దారిని సంఘం మెచ్చుకొనేది కూడా. వెళ్ళకపోవడం ఒక్కరోజు సాహసంతో ముగియలేదు. 1881 నుంచి 1910 వరకు దాదాపు మూడు దశాబ్దాలు ఆశ్రితుల మధ్య జీవించడానికి కేవలం ఆజ్ఞాపాలన చాలదు. విధేయత భర్త మాటను వినిపించుకోగలదు. తెలియని బాలిక ఏడుపును రాత్రివేళ వినిపించుకోవడానికి మరొక గుణం కావాలి. అయితే ఆ గుణానికి ఆమె ఏ పేరు పెట్టుకొన్నదో తెలిపే వాక్యం ఆమె కలం నుంచి రాలేదు. తెలుగు స్త్రీ తన జీవితాన్ని తానే గ్రంథస్థం చేయడానికి 1934 నాటి ఏడిదము సత్యవతి ఆత్మచరితము వరకు ఆగవలసి వచ్చింది. ఒక తరం ఆలస్యం రాజ్యలక్ష్మమ్మ విషయంలో పూడ్చలేని నష్టం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ నిర్ణయాలకు రావచ్చు. కావ్యపరంపరలోని గృహిణి పేరులేనిది, అలసట లేనిది, గౌరవనీయులైన అతిథులను ఆదరించేది. స్వీయచరిత్రలోని రాజ్యలక్ష్మమ్మకు పేరుంది, శ్రమకు కొలత ఉంది, ఆమె ఆదరించినవారు సంఘం తిరస్కరించినవారు. కాబట్టి అన్నపూర్ణ అన్న ఉపమానం ఆమెను గౌరవిస్తున్నట్లు కనిపిస్తూనే ఆమె ప్రత్యేకతను తుడిచివేస్తుంది. వితంతు వివాహోద్యమంలో పంక్తి నిర్ణాయక స్థానంలో ఉన్నందువల్ల ఆమె వంటను ఉద్యమానికి సహాయకచర్యగా కాక ఉద్యమంలో భాగంగానే లెక్కించాలి. సంతానం లేని ఆమె మాతృత్వం ఆశ్రయం ద్వారా ఏర్పడింది. అది తరువాత సంస్థగా రూపొందింది. ఆమె కంఠం లభించకపోవడం ఈ గ్రంథపఠనానికి శాశ్వతమైన పరిమితి.

ప్రియమైన భార్య, తల్లి, ఆదరించే ఇల్లాలు అన్న మూడు మాటలు రాజ్యలక్ష్మమ్మకు సరిపోతాయి. ఎవరికి తల్లి, ఎవరిని ఆదరించింది, అందుకు ఏం పోగొట్టుకొన్నది అన్న ప్రశ్నలకు సమాధానం చేరినప్పుడే అవి ఆమెకు చెందిన మాటలవుతాయి. సంస్కర్తల స్వీయచరిత్రలను ఉపన్యాసాలు, తీర్మానాలు, తేదీల కోసం చదివినట్లే నీళ్ళు ఎవరు తెచ్చారు, అన్నం ఎవరు వండారు అన్న వివరాల కోసం కూడా చదవవలసి ఉంది. అటువంటి పఠనం సంస్కరణ సాహిత్యంలోని మరికొందరు గృహిణుల జీవితాలను కూడా వెలుగులోకి తేగలదు.